అన్నం కలపడం నుంచి బస్సెక్కడం దాకా: కృష్ణా డెల్టాలో వైకల్యం ఉన్న పిల్లలకు జీవన నైపుణ్యాల శిక్షణ

పప్పన్నం తినడాన్ని తెలుగింట ఎవరూ పాఠంగా చెప్పరు. రెండేళ్ల పిల్ల కంచంలో చెయ్యిపెట్టి కెలుకుతుంది, మూడో ఏట సగం నేలపాలు చేస్తుంది, నాలుగో ఏటికి తన ముద్ద తను తింటుంది. సెరిబ్రల్ పాల్సీ, డౌన్ సిండ్రోమ్, ఆటిజం, మేధో వైకల్యం ఉన్న పిల్లల్లో చాలామందికి ఇలా చూసి నేర్చుకోవడం దానంతటది జరగదు. జరిగినా ఆలస్యంగా, మధ్యమధ్య ఖాళీలతో జరుగుతుంది. వాళ్లకు అదే పనిని చిన్నచిన్న మెట్లుగా విడగొట్టి, ఒక్కో మెట్టూ విడిగా, రోజూ అదే వేళకు, అదే పద్ధతిలో నేర్పాలి. పళ్లు తోముకోవడం, స్నానం, బట్టలు, దొడ్డికి వెళ్లడం, కొట్టుకెళ్లి సరుకు తేవడం, బస్సెక్కి దిగడం దాకా ఇలా ప్రణాళికతో నేర్పే పనిని దైనందిన జీవన నైపుణ్యాల శిక్షణ అంటారు. స్పెషల్ టీచర్లు వాడుకలో ఏడీఎల్ అనేస్తారు.

2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 22.7 లక్షల మంది వైకల్యం ఉన్నవారుగా నమోదయ్యారు. అప్పటి చట్టం గుర్తించిన వైకల్యాలు ఏడే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆ సంఖ్యను 21కి పెంచింది, ఆటిజానికీ, అభ్యసన లోపాలకూ అందులో చోటిచ్చింది. కాబట్టి పాత లెక్కను పట్టుకుని ఇప్పటి పిల్లల సంఖ్య చెప్పబోవడం వృథా. ఎన్టీఆర్, కృష్ణా, గుంటూరు, బాపట్ల, ఏలూరు జిల్లాల్లో పరుచుకున్న డెల్టాలో మాత్రం ఇలాంటి బిడ్డ లేని ఊరు కనపడటం కష్టం.

గుండీల చట్రం పుట్టుక

ఈ విద్యకు చరిత్ర ఉంది. పంతొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సులో ఎడ్వార్డ్ సెగాన్ అనే వైద్యుడు, చదువు రాదని సమాజం పక్కనపెట్టిన పిల్లలకు చేతిపనులు, ఒంటి శుభ్రం, నడక నేర్పి చూపించాడు. ఆయన రాతల్ని శ్రద్ధగా చదివిన ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి, 1900లో రోమ్‌లో మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం వెలసిన సంస్థలో పనిచేసింది. గుండీలు పెట్టడం, ముడి వేయడం, కొక్కెం తగిలించడం నేర్చుకునేందుకు చెక్క చట్రాలకు గుడ్డ బిగించి చేసిన పరికరాలు ఆమె పద్ధతిలో అందరికీ తెలిసినవి. మామూలు పిల్లల కోసం ఆమె తొలి బాలగృహం తెరిచింది 1907లో, అంటే ఆ తర్వాత. వైకల్యం ఉన్న పిల్లల దగ్గర పదునెక్కిన పద్ధతే మిగతా పిల్లల బడికి వచ్చిందన్నమాట.

ఆమె 1939లో మద్రాసు వచ్చి, యుద్ధం కారణంగా ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయింది. విజయవాడలో వేగే కోటేశ్వరమ్మ 1955లో మాంటిస్సోరి పేరుతోనే పిల్లల బడి పెట్టారు. ఆమెకు 2017లో పద్మశ్రీ వచ్చింది. బెజవాడలో మాంటిస్సోరి అన్న మాట తెలియని ఇల్లు లేదు. ఆ పద్ధతి మూలాలు వైకల్యం ఉన్న పిల్లల గదిలో ఉన్నాయని తెలిసిన ఇళ్లు మాత్రం తక్కువే.

హెలెన్ కెల్లర్ కథ చెప్పుకునేటప్పుడు అందరూ నీళ్ల పంపు దగ్గర ఆమెకు తొలి మాట తెలిసిన ఘట్టం చెబుతారు. అంతకు కొన్ని వారాల ముందు, 1887 మార్చిలో జరిగింది ఇక్కడ మరింత ముఖ్యం. చూపూ వినికిడీ లేని ఆ ఆరేళ్ల పిల్ల భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ ఎవరి పళ్లెంలోనైనా చెయ్యి పెట్టి తినేది, ఇంట్లోవాళ్లు జాలితో ఊరుకునేవారు. టీచరు ఆన్ సలివాన్ మిగతావాళ్లను బయటికి పంపి తలుపు వేసి, ఆ పిల్ల తన కుర్చీలో కూచుని తన చెంచాతో తినేదాకా పట్టుబట్టింది. తర్వాత కొన్నాళ్లు తల్లిదండ్రులకు దూరంగా తోటలోని చిన్న ఇంట్లో ఉంచి నేర్పింది. మాట వచ్చింది ఆ తర్వాతే.

సికింద్రాబాద్ కొలబద్దలు

తెలుగు నేలకు ఈ విషయంలో ఒక అదృష్టం ఉంది. మేధో వైకల్యంపై పనిచేసే జాతీయ సంస్థను కేంద్ర ప్రభుత్వం 1984లో సికింద్రాబాద్ బోయినపల్లిలోని మనోవికాస్ నగర్‌లో పెట్టింది. పాతవాళ్లకు అది ఎన్ఐఎంహెచ్. ఇప్పటి పేరు నీపిడ్. దాని ఆధ్వర్యంలో నెల్లూరులో ఒక ప్రాంతీయ కేంద్రం నడుస్తోంది. పిల్లవాడికి ఏది వచ్చో, ఏది రాదో కచ్చితంగా రాసుకునే కొలబద్దలు ఈ సంస్థ నుంచి చాలా వచ్చాయి.

అంతకుముందే చెన్నైలో తయారైన మద్రాసు పద్ధతి 18 రంగాల్లో, రంగానికి 20 చొప్పున 360 పనులను పేర్చింది. ఏ బిడ్డకైనా ఇందులో కొన్ని వచ్చే ఉంటాయి, అక్కడి నుంచే మొదలుపెట్టాలి. 1992లో రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ తయారుచేసిన బేసిక్-ఎంఆర్ కొలబద్దలో మొదటి భాగం 7 రంగాల్లో 280 అంశాలు. దాని మార్కుల పద్ధతి చూడదగ్గది. పని తనంతట తను చేస్తే 5. సైగ ఇస్తే చేస్తే 4. నోటితో చెబితే చేస్తే 3. చెయ్యి పట్టుకుని చేయిస్తే 2. పూర్తిగా ఎదుటివాళ్లే చేయాలంటే 1. ఇక్కడ సున్నా అంటే ఫెయిలు కాదు, ఆ అంశం ఆ పిల్లవాడికి వర్తించదని అర్థం.

ఈ అయిదంకెల్లోనే మొత్తం బోధన దాగుంది. టీచరు పని పిల్లవాణ్ని 1 నుంచి 5కి ఒక్క దూకులో తీసుకుపోవడం కాదు, 2 నుంచి 3కి జరపడం. చెయ్యి పట్టుకుని చేయించడం ఆపి నోటితో చెప్పడానికి మారగలిగితే అది ఆ ఏటికి పెద్ద గెలుపే. ర్యాంకుల హోర్డింగులు నిండిన ఊళ్లో ఇలాంటి మార్కుల పట్టికను గోడకు తగిలించేవాళ్లు ఉండరు. ఆ హోర్డింగుల మీది హాస్టల్ పిల్లల్లో ఎందరికి తమ కంచం తాము కడుక్కోవడంలో 5 పడుతుందో కూడా చూడాల్సిందే.

చివరి మెట్టు ముందు

పనిని మెట్లుగా విడగొట్టాక ఏ చివర నుంచి నేర్పాలన్నది తర్వాతి ప్రశ్న. చాలా పనులకు వెనక నుంచి ముందుకు రావడం బాగా పనికొస్తుంది. నిక్కరు తొడుక్కోవడమే చూద్దాం. నిక్కరు ముందు భాగం గుర్తుపట్టడం, రెండు చేతులతో నడుం పట్టీ పట్టుకోవడం, కూచుని ఒక కాలు దూర్చడం, రెండో కాలు దూర్చడం, మోకాళ్ల దాకా లాగడం, లేచి నిలబడటం, పిరుదుల మీదుగా నడుం దాకా లాగడం. తల్లి మొదటి ఆరు మెట్లూ తనే చేసి, నిక్కరు పిరుదుల కింద ఉండగా ఆగుతుంది. చివరి లాగుడు పిల్లవాడిది. పని అయిపోయిందన్న తృప్తీ, వెంటనే వచ్చే మెప్పూ వాడివే. అది వచ్చాక తల్లి మోకాళ్ల దగ్గరే ఆపుతుంది. మొదటి మెట్టు నుంచి మొదలుపెడితే పిల్లవాడు ముందూ వెనకా తేల్చుకోలేక అక్కడే విసిగిపోతాడు, పని పూర్తయిన రుచి వాడికి తెలియదు.

నిక్కరు కూడా ఎలాస్టిక్‌ది కావాలి, ఒక సైజు పెద్దది కావాలి. హుక్కులూ, జిప్పులూ, బొందులూ తర్వాతి తరగతులు. గుండీల విషయంలోనూ అంతే. వేరేగా ఒక గుడ్డ మీద పెద్ద గుండీ, వదులు కాజా కుట్టి బల్ల మీద నేర్పి, తర్వాత ఒంటి మీది చొక్కాకు రావాలి. చొక్కాకు కింది గుండీ మొదట, మెడ దగ్గరిది చివర. ఎందుకంటే మెడ దగ్గరిది కంటికి కనపడదు.

మెప్పు గురించి ఒక మాట. చిన్న తాయిలం, చప్పట్లు, ఇష్టమైన పాట, ఏదైనా సరే పని జరిగిన క్షణంలోనే అందాలి. సాయంత్రం నాన్న వచ్చాక చాక్లెట్ ఇస్తానంటే, పొద్దున వేసుకున్న నిక్కరుకూ సాయంత్రపు చాక్లెట్‌కూ ఉన్న లంకె ఆ పిల్లవాడికి అందదు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు చెప్పిన మాటకంటే చూసిన బొమ్మను తేలిగ్గా పట్టుకుంటారు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1970లలో మొదలైన టీచ్ పద్ధతి దీని మీదే నిలబడింది. బాత్‌రూమ్ తలుపు మీద వరసగా నాలుగు ఫొటోలు అంటిస్తే చాలు: బ్రష్షు, మగ్గు, సబ్బు, తుండు. కొన్న బొమ్మల కంటే సొంత ఇంటి బ్రష్షును ఫోనులో ఫొటో తీసి అంటించడం మేలు.

కంచం ముందు

పాశ్చాత్య పుస్తకాల్లో తిండి పాఠం చెంచాతో మొదలవుతుంది. మన పిల్లవాడు పెళ్లి విందులోనూ, గుడి అన్నదానంలోనూ, మేనత్త ఇంట్లోనూ చేత్తో తినాలి. చేతి తిండికి కావలసిన కదలికలు వేరు. వేళ్లు దగ్గరికి చేర్చి అన్నాన్ని అదమడం, ముద్దను వేళ్ల కొసలకు తేవడం, చెయ్యి తిప్పి పైకెత్తడం, బొటనవేలితో నోట్లోకి నెట్టడం. చివరిదే కష్టం. చాలామంది పిల్లలు అరచేతిని నోటికి ఆనించి నాకుతారు. టీచరు వెనక కూచుని, పిల్లవాడి చేతి మీద తన చెయ్యి ఉంచి బొటనవేలిని ముందుకు కదిలిస్తుంది. ఎదురుగా కూచుంటే కదలిక తిరగబడుతుంది, అందుకే వెనక.

దేనితో మొదలుపెట్టాలన్నదీ ఆలోచించాల్సిందే. ఇడ్లీ మొదట, అది పట్టుకున్నచోట ఆగుతుంది. తర్వాత మెత్తగా వండిన అన్నంలో ముద్దపప్పూ నెయ్యీ, ముద్ద విడిపోదు. తర్వాత పెరుగన్నం. పులుసు తర్వాత, చారు అన్నిటికంటే ఆఖర్న, జారిపోతుంది కాబట్టి. దోసె చూడ్డానికి తేలిక గానీ, ఒక చేత్తో చింపడానికి రెండు వేళ్లు నొక్కిపట్టి మూడోది లాగాలి. కండరాల బిగువు ఉన్న చేతికి అది పెద్ద పరీక్ష. బయటి దేశాల్లో అంచు లేచిన ప్రత్యేక పళ్లేలు అమ్ముతారు. మన స్టీలు కంచానికి ఆ అంచు ముందే ఉంది. కంచం కింద తడిగుడ్డ వేస్తే జారదు. గ్లాసులో సగానికే నీళ్లు పోస్తే ఒలకవు.

పెద్దలతో పేచీ వచ్చేది ఎడమ చెయ్యి దగ్గర. ఒంటి కుడివైపు పట్టు లేని సెరిబ్రల్ పాల్సీ పిల్లవాడికి తిండికీ ఎడమ చెయ్యే, కడుక్కోవడానికీ ఎడమ చెయ్యే. నాయనమ్మకు ఇది మింగుడుపడదు. బలహీనమైన కుడిచేత్తో బలవంతంగా తినిపించబోతే పిల్లవాడు తిండే మానేస్తాడు. ఇక్కడ నేర్పాల్సింది చెయ్యి మార్చడం కాదు, సబ్బుతో కడగడం. ఒక్క చేత్తో సబ్బు రుద్దుకోవడం ఎలాగన్నది చిన్న చిక్కు. గోడకు బిగించిన బ్రష్షుకో, తొడ మీద వేసుకున్న సబ్బు తుండుకో చెయ్యి రుద్దితే అది తీరుతుంది.

గది తలుపు వేసుకునే పనులు

దొడ్డికి వెళ్లే అలవాటు నేర్పే ముందు వారం పది రోజులు పిల్లవాడు ఏ వేళకు వెళ్తున్నాడో రాసుకోవాలని చెబుతారు. ఆ వేళకు కాస్త ముందు తీసుకెళ్లి కూచోబెట్టడమే శిక్షణ మొదలు. కాళ్లు బిగుసుకుపోయిన పిల్లలు నేల బేసిన్ మీద గొంతుక్కూచోలేరు. ప్లాస్టిక్ కుర్చీకి మధ్యలో రంధ్రం కోసి బేసిన్ మీద వేసుకున్న ఇళ్లలో ఈ సమస్య తక్కువ ఖర్చుతో తీరిపోతుంది. గోడకు పట్టుకునే కడ్డీ ఒకటి బిగిస్తే ఇంకా మంచిది. పల్లెల్లో కట్టిన చిన్న మరుగుదొడ్లలోకి చక్రాల కుర్చీ పట్టదన్నది ఇప్పటికీ తీరని లోటు.

ఈ పనులకు మరో కోణం ఉంది, దాని గురించి మాట్లాడటానికి ఇళ్లలో సిగ్గుపడతారు. పదమూడేళ్లు వచ్చినా ఎవరో ఒకరు బట్టలు విప్పి స్నానం చేయించే పిల్లకు, తన ఒంటి మీద ఎవరు చెయ్యి వేయొచ్చో ఎవరు వేయకూడదో తెలిసే వీలు లేదు. అందరూ వేస్తారు కాబట్టి అది మామూలే అనుకుంటుంది. స్నానం తనే చేయడం, తలుపు వేసుకుని బట్టలు మార్చుకోవడం, వద్దని గట్టిగా చెప్పడం ఆ పిల్లకు రక్షణ. లైంగిక వేధింపుల నుంచి పిల్లలను కాపాడే 2012 నాటి పోక్సో చట్టం నేరం జరిగాక వస్తుంది. ఈ పాఠం ముందే రావాలి.

నెలసరి కూడా అంతే. మొదటిసారి రక్తం చూసి మేధో వైకల్యం ఉన్న అమ్మాయి హడలిపోతుంది, ప్యాడ్ పీకి పారేస్తుంది. అందుకే పదేళ్ల వయసులోనే మొదలుపెట్టమంటారు. ఎర్రరంగు నీళ్ల చుక్కలు వేసిన ప్యాడ్ చూపించడం, లోదుస్తుకు అంటించడం, కొన్ని గంటలు వాడి అలవాటు చేయడం, కాగితంలో చుట్టి బుట్టలో వేయడం. గర్భసంచి తీయించేస్తే పీడ పోతుంది కదా అని అడిగే తల్లులు ఉంటారు. ఆ ఆపరేషన్ నెలసరిని ఆపుతుందే తప్ప పిల్లను వేధింపుల నుంచి కాపాడదు, గర్భం రాదు కాబట్టి వేధింపు బయటపడే దారిని కూడా మూసేస్తుంది.

వీధిలోకి

ఇంటి బయటి పాఠాలకు విజయవాడే పెద్ద తరగతి గది. కొట్టుకు వెళ్లడం మొదటిది. ఒకే కొట్టు, ఒకే వస్తువు, చేతిలో చీటీ, సరిపడా డబ్బు. కొట్టాయనకు ముందే చెప్పి ఉంచాలి. 2016 నుంచి వచ్చిన కొత్త నోట్ల రంగులు ఒకదానికొకటి పోలిక లేకుండా ఉండటం ఈ పిల్లలకు కలిసొచ్చింది. యాభై నీలం, వంద లేత ఊదా, రెండొందలు పసుపు, అయిదొందలు బూడిద రంగు. చదవడం రానివాళ్లు కూడా రంగును బట్టి నోటు తీయగలరు. చూపు లేనివాళ్లకు వంద నోటు అంచున నాలుగు, అయిదొందల నోటు అంచున అయిదు ఉబ్బెత్తు గీతలు ఉన్నాయి. నోటును గుర్తుపట్టి చెప్పే యాప్‌ను రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చింది. అయితే ఇప్పుడు కొట్టు దగ్గర నోటు కనపడటమే తగ్గింది. అందరూ ఫోను చూపిస్తారు, కొట్టులోని స్పీకరు డబ్బు ముట్టిందని అరుస్తుంది. చిల్లర చేతులు మారడం చూడని పిల్లవాడికి చిల్లర లెక్క నేర్పడం మునుపటికంటే కష్టమైంది.

బస్సు నేర్పడం సులువు, ఆటో నేర్పడం కష్టం. సిటీ బస్సుకు నంబరుంది, నిలిచే చోటుంది, కండక్టరున్నాడు, పాసుంది. సర్వీసు ఆటోకు ఇవేవీ లేవు. బెంజ్ సర్కిల్ వెళ్తుందా అని అడగాలి, డ్రైవరు తలూపితే అర్థం చేసుకోవాలి, దిగాల్సిన చోట ఆపమని చెప్పాలి. మాట స్పష్టంగా రాని పిల్లవాడి జేబులో దిగే చోటు పేరు, ఇంటి ఫోను నంబరు రాసిన కార్డు ఉండటం మేలు. దసరాకు ఇంద్రకీలాద్రి మీద జనంలో చెయ్యి వదిలేసినప్పుడు కూడా అక్కరకొచ్చేది ఆ కార్డే.

డెల్టాకు ప్రత్యేకమైన పాఠం నీళ్లు. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ నగరం మధ్య నుంచే పోతాయి. పల్లెల్లో ఇంటి ముందు రేవు, వెనక చేపల చెరువు. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరు చెప్పాపెట్టకుండా ఇంట్లోంచి నడిచి వెళ్లిపోతారు, వాళ్లలో చాలామందికి నీళ్లంటే ఇష్టం. ఇలా వెళ్లిపోయిన ఆటిజం పిల్లల మరణాల్లో మునిగిపోవడమే ప్రధాన కారణమని అమెరికా పరిశీలనలు చెబుతున్నాయి. కాలువ గట్టు ఊళ్లో తలుపు గడియ ఎత్తులో పెట్టడం, ఇరుగుపొరుగుకు చెప్పి ఉంచడం, కుదిరితే ఈత నేర్పడం ఏడీఎల్ పట్టికలో మొదటి పేజీలో ఉండాలి. అమెరికా పట్టికను మక్కీకి మక్కీ దించుకుంటే అందులో కాలువ రేవు ఉండదు. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు కరెంటు లేక, నీళ్లు లేక వేలాది కుటుంబాలు మేడల మీద రోజులు గడిపాయి. రోజువారీ వరస తప్పితే తల్లడిల్లే పిల్లలున్న ఇళ్లలో మందులు, ఇష్టమైన ఆటవస్తువు, సర్టిఫికెట్ల నకళ్లు ఒక సంచిలో ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకోవడం కూడా ఇప్పుడు నేర్పాల్సిన విషయమైంది.

చూపు, వినికిడి

చూపు లేని పిల్లలకు మెట్లు వేరు. కంచాన్ని గడియారంలా అనుకుని, పన్నెండు దగ్గర పప్పు, మూడు దగ్గర కూర, ఆరు దగ్గర పచ్చడి అని చెప్పడం అందరూ వాడే చిట్కా. తెల్ల కర్రతో నడక, మడత తీరును బట్టి నోట్లు వేరుచేసుకోవడం, కుట్టు గుర్తును బట్టి చొక్కా ముందూ వెనకా తెలుసుకోవడం మిగతావి. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ చూపు తిరిగిరానివారి పునరావాసాన్ని వైద్యంలో భాగంగా చూస్తుంది. విజయవాడ పక్కన తాడిగడపలో దాని ప్రాంగణం 2011 నుంచి ఉంది.

ఈ ప్రాంతం నుంచి అందరికీ తెలిసిన పేరు శ్రీకాంత్ బొల్లా. మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో రైతు కుటుంబంలో చూపు లేకుండా పుట్టాడు. ఊరి బడిలో వెనక బల్ల మీద ఎవరూ పట్టించుకోకుండా కూచున్న పిల్లవాడు, హైదరాబాద్‌లో అంధుల ప్రత్యేక పాఠశాలకు వెళ్లాకే చదువులోనూ చదరంగంలోనూ ముందుకొచ్చాడు. ఇంటర్‌లో సైన్సు గ్రూపు కోసం న్యాయపోరాటం చేసి, అమెరికాలోని ఎంఐటీలో చదివి వచ్చి బొల్లాంట్ పరిశ్రమ పెట్టాడు. 2024లో ఆయన మీద హిందీ సినిమా వచ్చింది. సినిమాకు న్యాయస్థానం ఘట్టం బాగుంటుంది. హాస్టల్లో తన బట్టలు తను సర్దుకున్న రోజులు లేకపోతే ఎంఐటీ దాకా ప్రయాణం కుదిరేది కాదు.

బాపట్లలో బధిరుల కోసం ప్రభుత్వ ఆశ్రమ పాఠశాల, జూనియర్ కళాశాల ఉన్నాయి. వినికిడి లేని పిల్లలకు తిండీ బట్టా సమస్య కాదు, బయటివాళ్లతో పని జరుపుకోవడమే సమస్య. రాసి చూపించడం, వీడియో కాల్‌లో సైగ చేయడం, వెనక నుంచి వచ్చే లారీని కంటితో పసిగట్టడం వాళ్ల పాఠాలు.

బడి, చట్టం, ఇల్లు

మండల స్థాయిలో ఈ పని జరిగే చోటు భవిత కేంద్రం. సమగ్ర శిక్షా కింద నడిచే ఈ కేంద్రాల్లో సహిత విద్య టీచర్లు ఉంటారు, ఫిజియోథెరపిస్టు నిర్ణీత రోజుల్లో వస్తారు. పిల్లవాణ్ని తీసుకొచ్చేవారికి కొంత భత్యం ఉంది. మంచం దిగలేని పిల్లల ఇంటికి టీచరే వెళ్తారు. 2009 నాటి విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణ ఇంటి దగ్గర చదువును హక్కుగా చేసింది. నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ల పిల్లలకు 2016 చట్టం ఉచిత విద్య హామీ ఇచ్చింది. మామూలు బడా, ప్రత్యేక బడా అన్న ఎంపిక వాళ్లది. పుట్టుకతో వచ్చే లోపాలను పసితనంలోనే పట్టుకునేందుకు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది.

కొరత ఎప్పుడూ మనుషులదే. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు చొప్పున టీచర్లుండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో 2,260 స్పెషల్ ఎడ్యుకేషన్ టీచరు పోస్టులు మంజూరు చేసింది.

టీచరు వచ్చినా రోజుకు దొరికేది గంటో రెండు గంటలో. మిగతా రోజంతా ఇంటిదే, ఇంట్లో ఎదురయ్యే అడ్డంకి నిర్లక్ష్యం కంటే గారాబమే ఎక్కువ. బిడ్డకు దేవుడు అన్యాయం చేశాడు, మనమైనా సుఖపెడదామని తల్లి ముద్దలు తినిపిస్తుంది, నాయనమ్మ చెప్పులు తొడుగుతుంది, పొద్దున బడి వేళ తరుముకొస్తుంటే తండ్రి చొక్కా గుండీలు చకచకా పెట్టేస్తాడు. బడిలో 3 దాకా వచ్చిన పిల్లవాడు ఇంట్లో మళ్లీ 1కి దిగిపోతాడు. మూడు నిమిషాల పనికి ఇరవై నిమిషాలు ఓపిగ్గా నిలబడటం, కూలికి పోయే తల్లికి నిజంగానే కష్టం. ఆమెను తప్పుపట్టి లాభం లేదు. ఆదివారం ఒక్కపూట ఒక్క పనికి ఆ ఇరవై నిమిషాలు కేటాయించమనడం ఆచరణలో కుదిరే సలహా.

ఇంకో భయం పైకి చెప్పరు. 2024 జూలై నుంచి రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను నెలకు 6,000, మంచానికే పరిమితమైనవారికి 15,000. పిల్లవాడు పనులు చేసుకుంటున్నాడని తెలిస్తే వైకల్య శాతం తేల్చే సదరం క్యాంపులో దాన్ని తగ్గించేస్తారేమోనని కొందరు వెనకాడతారు. కంచం ముందు కూచుని తన అన్నం తను తిన్నంత మాత్రాన డౌన్ సిండ్రోమ్ పోదు.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలున్న పిల్లల తల్లిదండ్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. పద్దెనిమిదేళ్లు నిండాక చట్టం దృష్టిలో వాళ్లు బిడ్డకు సహజ సంరక్షకులు కారు. బ్యాంకు ఖాతాకూ, ఆస్తి వ్యవహారాలకూ చట్టబద్ధ సంరక్షకుల పత్రం అవసరమైతే, 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే స్థానిక స్థాయి కమిటీకి దరఖాస్తు చేసుకోవాలి. అదే ట్రస్టు నడిపే నిరామయ పథకంలో ఏడాదికి లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. దీనికి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా ఆగనక్కర్లేదు.